లిప్తకాలపు కొలిమి

పెట్రోలులో ఇథనాలు కలుపుట మేలా కీడా యని వాదించుకొనుచున్న మనము, ఆ ఇథనాలు అణువు ఇంజను గర్భమందలి వేడిమికి ఎంత వేగముగా విచ్ఛిన్నమగునో కొలిచినవారెవరని అడుగుట లేదు. దహనమును గణించు కంప్యూటరు నమూనాలకు వందలకొలది చర్యల వేగములు కావలెను. వానిలో పెక్కింటిని నేటికిని లెక్కగట్టియో, పోలికచే ఊహించియో చేర్చుచున్నారు. కొలిచి తెలిసికొనదగినదానిని ఊహకు విడుచుట నాకు సమ్మతము కాదు.

కొలుచుట సులభమని కాదు. మామూలు కొలిమిలో కాచినచో, వాయువు కోరిన వేడి నందుకొనులోపలనే చర్య ముగిసిపోవును. కాగిన గోడలు సైతము అందులో తలదూర్చును. ఈ చిక్కునకు విరుగుడైన ఆఘాతనాళమును 1899లో ఫ్రాన్సు దేశమున తొలుత నిర్మించినవాడు, పొగలేని తుపాకిమందును కనుగొన్న పాల్ వియే మహాశయుడే. పొడవైన లోహపు గొట్టమును పలుచని రేకుతో రెండుగా విభజించి, ఒకవైపున హీలియమును అధికపీడనమున నింపి, రెండవవైపున ఆర్గానులో లేశమాత్రముగా కలిపిన పరీక్షావాయువును ఉంచి, ఆ రేకు ఫెళ్లున చినుగునట్లు చేయుదురు. అంతట ధ్వనిని మించిన వేగముతో బయలుదేరిన తరంగము చివరి గోడను తాకి మరలునప్పటికి, గోడలు చల్లగనే యుండగా వాయువు మాత్రము తృటిలో 1400 కెల్విన్లకు వేడెక్కి, ఒకటి రెండు మిల్లీసెకన్లు నిశ్చలముగా నిలుచును. ఆ వ్యవధిలోనే లేసరు కిరణమును పంపి, వెలుగు తరుగుదలను బట్టి ఏ అణువు ఎంత పుట్టినదో గుర్తింతురు. స్టాన్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 306 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో హైడ్రాక్సిలును పట్టుకొని, జ్వాలలకు ఆయువుపట్టయిన చర్యయొక్క, అనగా హైడ్రోజను పరమాణువు ఆక్సిజనుతో కలియుటయొక్క వేగమును కొలిచినది ఈ తెరువుననే.

ఇంత క్షణికమైన వేడిని ఏ ఉష్ణమాపకమును అందుకొనలేదు గనుక, తరంగవేగమునుండియే దానిని గణింతురు. 30 సెంటీమీటర్ల ఎడముగా అమర్చిన రెండు పీడనమాపకముల నడుమ తరంగమునకు పట్టుకాలము సుమారు 390 మైక్రోసెకన్లు. అందులో రెండు పొరబడితిమా, ఉష్ణోగ్రత దాదాపు ఒక శాతము తప్పును, ఇథనాలు నీటిని విడిచి ఎథిలీనుగా మారు వేగమందు ఆ తప్పు ఐదవవంతునకు మించిపోవును.

చినిగిన రేకును ప్రతిసారియు తీసి, క్రొత్తది బిగించి, గాలిని తోడివేసి, మరల మొదలిడవలెను. ఇట్టి నాళములు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్నవి. మన విశ్వవిద్యాలయములలోను మరికొన్ని వెలయవలెను. ఇథనాలు మిశ్రమములకై వెచ్చించుచున్న ధనములో ఒక పాయను ఈ గొట్టములకును, పూటపూటంతయు రేకులు మార్చుచు కూర్చుండు పరిశోధక విద్యార్థుల వేతనములకును మరల్పవలసినదిగా ప్రభుత్వమును కోరుచున్నాను.