మృత్తికాశాస్త్రమున డాక్టరేటు చేయగోరువారు

మన పాఠశాలలో చదివి, వ్యవసాయ కళాశాలలో పట్టము పొంది, మృత్తికాశాస్త్రమున ఎం. యెస్సీ. ముగించిన యొక విద్యార్థి గత వేసవిలో నన్ను జూడవచ్చెను. డాక్టరేటునకై యెచ్చటికి పోవుట మేలని యాతని ప్రశ్న. తండ్రి, రెండెకరముల మాగాణి యమ్మియైనను, పేరుగల విదేశ విశ్వవిద్యాలయమునకే పంపెదనని పట్టుబట్టినాడట. మట్టిని చదువుటకు మట్టి నమ్ముట!

నే నుపాధ్యాయశిక్షణ మాత్రము పొందినవాడను. అయినను తోచినది చెప్పితిని.

సంస్థ పేరుకంటె గురువును ముందు చూడవలెను. 1943లో అమెరికాలోని రట్గర్సు విశ్వవిద్యాలయమున ఆల్బర్టు షాట్జు అను పరిశోధక విద్యార్థి, మట్టిలోని సూక్ష్మజీవులను శోధించుచు, క్షయరోగమునకు పనిచేయు స్ట్రెప్టోమైసినును వేరుపరచెను. ఆతని గురువు సెల్మన్ వాక్స్‌మన్. కీర్తియు ధనమును గురువునకే చెందుచున్నవని శిష్యుడు 1950లో న్యాయస్థానమున కెక్కెను. రాజీ కుదిరి, ఆతనిని సహశోధకునిగా నంగీకరించి, రాబడిలో భాగ మిచ్చిరి. 1952లో నోబెల్ బహుమానము మాత్రము గురువొక్కనికే వచ్చెను. గురువు నేర్పిన పద్ధతి లేనిదే శిష్యునకా ఫలము దక్కెడిది కాదు, నిజమే. కాని శిష్యుని పనిని శిష్యునిదని చెప్పుటవలన గురువునకు తక్కువేమి? కాబట్టి చేరకముందే ఆ గురువు పూర్వశిష్యులకు జాబు వ్రాసి, ఎన్నేండ్లకు ముగించిరో, వ్యాసములపై ఎవరి పేరు ముందుండెనో యడుగుమంటిని.

పిమ్మట, ఏ నేలను చదువగోరుచున్నావని యడిగితిని. వానకు ఉబ్బి యెండకు నెఱ్ఱెలు విచ్చు రేగడి గుణము తెలియుటకు సముద్రము దాటనేల? 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రమున రేగడియు ఎఱ్ఱనేలయు రెండును గలవు. మట్టిలోని కర్బనము ఏండ్లమీద నెట్లు మారునో చూడవలెనన్నచో మాత్రము వేఱుమాట. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 మొదలు సాగుచున్న పొలము ప్రయోగములు, దాచియుంచిన మట్టి నమూనాలు గలవు. అట్టివి మూడు నాలుగేండ్లలో ఎవరును సృష్టింపజాలరు.

ఇక సొమ్ము. ఈ శాస్త్రమున అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు పరిశోధక విద్యార్థికి రుసుము విడిచి భృతి నొసగును. మన దేశమునను పరీక్షలో నెగ్గినవారికి వ్యవసాయ పరిశోధన మండలి భృతి యున్నది. భృతి లేని చోటికి పొలమమ్మి పోవుటకు నే నొప్పను.

విద్యార్థి ముగ్గురు ఆచార్యులకు జాబులు వ్రాసినాడు. ఒకరు మాత్రము, తన శిష్యుల నడిగి తెలిసికొమ్మని వారి చిరునామాలు పంపిరి. తండ్రి యింకను నాతో సరిగా మాటలాడుట లేదు.