హార్డ్ డిస్క్ పోయిందని తేల్చే ముందు

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద బూట్ డివైస్ దొరకలేదన్న సందేశం కనిపిస్తే చాలా ఇళ్లలో తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది: హార్డ్ డిస్క్ పోయింది. రిపేరు దుకాణంలో తరచూ అదే ఖాయమవుతుంది. ఫార్మాట్ కొట్టాలి, లేదా కొత్తది కొనాలి. పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు ఆ ఒక్క మాటతో గల్లంతు. అసలు తప్పు డిస్క్‌దేనా అని ఎవరూ అడగరు.

డిస్క్‌లోని సమాచారం ప్రాసెసర్‌ను చేరాలంటే డిస్క్ అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు, సాటా కేబుల్, మదర్‌బోర్డు మీది కంట్రోలర్, దాన్ని నడిపే డ్రైవర్ అన్నీ సరిగా పనిచేయాలి. వీటిలో ఏది మొరాయించినా తెర మీద కనిపించేది దాదాపు ఒకటే.

తేడా పట్టుకునే ఆధారం డిస్క్ దగ్గరే ఉంటుంది. ‘స్మార్ట్’ అనే ఏర్పాటు కింద డిస్క్ తన ఆరోగ్య లెక్కలు తానే రాసుకుంటుంది. సాటా డిస్క్‌లలో 5, 197 అంకెల పద్దులు పెరుగుతుంటే డిస్క్ ఉపరితలమే దెబ్బతింటున్నట్టు. వెంటనే ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. 199వ పద్దు కథ వేరు. కేబుల్ మీదుగా వెళ్లే ప్రతి సమాచార ముక్కకూ ఒక సరిచూసే సంఖ్య జత అవుతుంది. అవతల లెక్క కుదరకపోతే ఆ ముక్కను మళ్లీ పంపాలి. అలా కుదరని సందర్భాల మొత్తమే 199. అది పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, తర్వాత పోర్టుని. ఒకసారి పెరిగిన ఈ సంఖ్య మామూలుగా తగ్గదు కనుక, కేబుల్ మార్చాక పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పద్దులను నిమిషంలో చూపిస్తుంది.

పాత డెస్క్‌టాప్‌లలో మరో చిక్కు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. కంట్రోలర్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈ పద్ధతికి మారితే విండోస్ నీలితెర చూపి ఆగిపోవచ్చు. డిస్క్‌కు ఏమీ కాలేదు. సెట్టింగు తిరిగి మార్చి, కొద్ది రూపాయల బ్యాటరీ వేస్తే సరి. ఇలాంటి కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టడమంటే తాళంచెవి పోయిందని ఇల్లు కూల్చడమే.

కంట్రోలర్ చెడిపోవడం అరుదే, కానీ జరగనిది కాదు. 2011 జనవరిలో ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో కొన్ని సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడతాయని ఒప్పుకుని సరఫరా ఆపేసింది. మరమ్మతులకు, మార్పిడికి సుమారు 70 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అంచనా వేసింది. అదే బోర్డు మీది మిగతా రెండు పోర్టులకు ఆ లోపం లేదు. డిస్క్‌ను పక్క పోర్టుకు మార్చి చూడమనేది అందుకే.

దుకాణదారుల ఇబ్బందీ కాదనలేం. కేబుల్ మార్చి చూసినందుకు డబ్బిచ్చేవారు తక్కువ, ఫార్మాట్‌కు ఇస్తారు. అయినా ఫార్మాట్‌కు ముందు స్మార్ట్ పద్దులు తెరచి ఖాతాదారుకు చూపించడం రివాజు కావాలి. డిస్క్ అసలే కనపడకపోతే మరో కేబుల్‌తో, మరో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. వెంటనే కరెంటు తీసేసి, డేటా రికవరీ తెలిసినవారికి అప్పగించాలి.