గోడ లోపలి పని ఎవరిది?

కొత్తగా కట్టిన ప్రభుత్వ భవనం దగ్గరికి వెళితే ముందుగా కనిపించేది శిలాఫలకం. ప్రారంభించిన వారి పేరు, అధ్యక్షత వహించిన వారి పేరు, అంచనా విలువ, తేదీ అన్నీ దాని మీద ఉంటాయి. గోడల లోపల వైరు లాగిన వారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఆ పేరు ఎందుకు ఉండాలో ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఆ వైరు లాగే చేతుల్లో మన హాస్టళ్ళలో చదువుకున్న చేతులు కూడా ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కొత్త జిల్లా అంటే కొత్త కార్యాలయాలు, కొత్త భవనాలు. వాటిని ఎవరు కట్టినా, పింఛను కోసం వచ్చే అవ్వ, కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చే విద్యార్థి మనవాళ్ళే. కాబట్టి అక్కడ కరెంటు పని ఎలా జరిగిందన్నది మనం అడగవలసిన ప్రశ్నే.

సివిల్ పనిలో లోపం కంటికి కనిపిస్తుంది. గోడ పగిలినా, స్లాబు కారినా ఎవరైనా వేలెత్తి చూపుతారు. కరెంటు పని అలా కాదు. పైపులు స్లాబులోకి, వైర్లు గోడల్లోకి పోతాయి. పైన ప్లాస్టరింగు, దాని మీద రంగు. తక్కువ సైజు వైరు వేసినా, ఎర్త్ కలపకుండా వదిలేసినా ప్రారంభోత్సవం రోజున లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. లోడు పెరిగిన రోజున, వానకు గోడ చెమ్మగిల్లిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. టెండరులో బాగా లెస్ వేసి పని దక్కించుకుని, దానిని సబ్ కాంట్రాక్టుకిచ్చి, ఆయన ఇంకొకరికిస్తే అందరికీ లాభం ఎక్కడ మిగలాలి? కంటికి కనపడని చోటే కదా!

ఇవి ఊరికే చెప్పే భయాలు కావు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా అనుమానించారు. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన అగ్నిప్రమాదానికి 10 మంది పసికందులు బలయ్యారు.

మన ప్రాంతానికి ఇంకొక సమస్య కూడా ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను వస్తే పాకల్లోని జనం పరుగెత్తేది ప్రభుత్వ భవనానికే. అక్కడ ప్యానెల్ బోర్డు నీళ్ళు చేరే ఎత్తులో ఉంటే గతేమిటి? ఉప్పుగాలికి బోల్టులు, క్లాంపులు తుప్పు పడతాయి. ఇసుక నేల ఎండితే ఎర్త్ సరిగా పనిచేయదు. హైదరాబాదులో సరిపోయిన అంచనా సముద్రపు ఒడ్డున సరిపోదు.

మరి చట్టం లేదా? ఉంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనూ, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలలోనూ మాట ఒక్కటే. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే పని చేయాలి, అర్హతా పత్రం ఉన్న వ్యక్తి దగ్గరుండి చేయించాలి. కానీ మేము చూసినంతవరకు లైసెన్సు ఒకరిది, కష్టం ఇంకొకరిది. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసిన తమ్ముళ్ళు పర్మిట్ లేకుండా రోజు కూలీకి గోడలు తొలిచి పైపులు వేస్తున్నారు. పని బాగుంటే పేరు రాదు. ప్రమాదం జరిగితే వాళ్ళు అక్కడ పనిచేసినట్లు కాగితం ముక్క కూడా దొరకదు.

అందుకే మా అభిప్రాయం ఇది. ప్రతి కొత్త ప్రభుత్వ భవనంలో మెయిన్ బోర్డు పక్కన ఒక కాగితాన్ని అద్దం బిగించి పెట్టాలి. అందులో కాంట్రాక్టరు లైసెన్సు నంబరు, సూపర్‌వైజరు, వైర్‌మన్ల పేర్లు, పర్మిట్ నంబర్లు ఉండాలి. మెగ్గర్ రీడింగు, ఎర్త్ రీడింగు, పరీక్ష చేసిన తేదీ ఉండాలి. మనిషికి షాక్ కొట్టకుండా కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదీ లేనిదీ రాయాలి. ఎం.సి.బి. ఉంది కదా అంటే చాలదు. అది ఓవర్‌లోడు నుండి, షార్ట్ నుండి వైరును కాపాడుతుంది గాని మనిషిని కాదు. ఇదంతా అదనపు ఖర్చు అనేవారున్నారు. ప్లాస్టరింగుకు ముందు చేసే పరీక్షకు అయ్యేదెంత? తరువాత గోడలు పగలగొట్టి మళ్ళీ వైరింగు చేయడానికి అయ్యేదెంత? లెక్క వాళ్ళే వేసుకోవాలి.

సోదర విద్యార్థులారా! డాక్టర్ అంబేద్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగానే తలచుకుంటాము. 1942 నుండి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా ఉన్నప్పుడు విద్యుత్ వ్యవహారాలు కూడా ఆయనే చూశారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఆ కాలంలోనే ఏర్పడింది. కార్మికుడి బాగును, కరెంటును ఒకే బల్ల మీద పెట్టి ఆలోచించిన మనిషి ఆయన. మనం కూడా ఆ రెండింటినీ విడదీయకూడదు.

ఐ.టి.ఐ. చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వైర్‌మన్ పర్మిట్ తీసుకునే దాకా విశ్రమించవద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. ఉద్యోగాలలో ఉన్న అన్నలు, అక్కలు వారికి ఫీజు కట్టి, దరఖాస్తు నింపి తోడ్పడండి. పీజీ చదువుతున్న మాలాంటివాళ్ళం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ పరీక్షల రిపోర్టుల నకళ్ళు అడుగుదాము. ముందుగా మనం పడుకునే హాస్టల్ భవనంతోనే మొదలుపెడదాము.

మా ఇంట డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. మా పెద్దలు ఎన్నో భవనాలకు ఇటుకలు మోశారు, ఒక్కదాని మీదా వారి పేరు లేదు. మన తమ్ముళ్ళ పేరు, పర్మిట్ నంబరుతో సహా, ఇక నుండైనా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదని మా నమ్మకం.