తెర మీద పక్కింటివాళ్లు

జమ్మలమడుగు, పులివెందుల అనగానే బయటి జిల్లాలవాళ్లకు ఏం గుర్తొస్తుంది? బాంబులు, సుమోలు, వేటకొడవళ్లు! ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వరసగా ఆడాక, ఇక్కడి కుర్రాడు చదువుకోడానికి ఎక్కడికెళ్లినా ‘మీ ఇంట్లో బాంబులుంటాయా?’ అనేవాళ్లు తగులుతూనే ఉన్నారు. కక్షలు లేవని కాదు. ఊరంటే అవొక్కటే కాదన్నదే మన బాధ.

ఆ బాధ తెలిసినవాళ్లం కాబట్టి ఇంకో సంగతీ మనకు తేలిగ్గానే అర్థం కావాలి. సినిమాల్లో ముస్లింలు ఎలా కనిపిస్తారు? వచ్చీరాని తెలుగుతో నవ్వించే సాయిబు... హీరో కోసం ప్రాణాలిచ్చే స్నేహితుడు... లేదంటే తుపాకీ పట్టిన తీవ్రవాది. ‘ఖడ్గం’ (2002)లో ప్రకాష్‌రాజ్ వేసిన ఆటోడ్రైవర్ అంజాద్ ఎంతో మంచివాడు. అయినా తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిశాడు కాబట్టి, తన దేశభక్తికి అతనే రుజువు చూపించుకోవాలి.

హాలీవుడ్‌దీ ఇదే దారి. అరబ్బు పాత్రలున్న 900కు పైగా సినిమాలను పరిశీలించి జాక్ షాహీన్ 2001లో పుస్తకం తెచ్చారు. వాటిలో చాలావరకు వాళ్లను దుర్మార్గులుగా చూపినవేనని తేల్చారు.

ప్రొద్దుటూరువాళ్లను సినిమా అంత తేలిగ్గా నమ్మించలేదు. రంజాన్‌కి సేమ్యా గిన్నె పంపే పక్కింటి అమ్మ ఉంటుంది, బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడుంటాడు. కానీ ముస్లిం పొరుగే ఎరగని చోట సినిమానే పొరుగు. ఇక్కడి పిల్లాడు ఉద్యోగానికెళ్లి గది అద్దెకు అడిగితే, పేరు వినగానే ఇంటివాళ్ల కళ్ల ముందు మెదిలేది ఆ తెర మీది బొమ్మే. పైగా కడప జిల్లా అని కూడా చెబితే... రెండు బొమ్మలు!

ఉగాదికి దేవుని కడప గుడికొచ్చే ముస్లింలను చూపిస్తే మంచిదే. అయితే సామరస్యం సీనొక్కటీ పెట్టేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఇంట్లో అప్పులు, పిల్లల చదువులు, అమ్మ కోపం, నాన్న మౌనం కూడా కనిపించాలి. మన వేంపల్లె షరీఫ్ కథల్లో ఉన్నవి ఇలాంటి ఇళ్లే. ఆయన ‘జుమ్మా’కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మక్కా మసీదు పేలుడు తర్వాత కొడుకు కోసం తల్లడిల్లే తల్లి అందులో ఉంది. ఆ భయం అర్థం కావడానికి మతంతో పనేముంది?

మమ్మల్ని ఉన్నదున్నట్టు చూపించండని సీమవాళ్లంగా సినిమావాళ్లను అడుగుతున్నాం. ఆ మాట పక్కింటివాళ్ల కోసం కూడా అడుగుదాం.