రైలు బొమ్మలు చేసే చేతులు



కొన్ని వారాలుగా మన సంఘంలో ఒక విషయం మీద మాటలు నడుస్తున్నాయి. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇంట్లో కూర్చుని పాతకాలపు రైలింజన్లను, పెట్టెలను చిన్నవిగా తయారు చేస్తున్నారు. ఈసారి వి.బి.ఎస్.లో వాటిని పిల్లలకు చూపిస్తానని అడిగారు. కొందరు సంతోషించారు. కొందరేమో, “విశ్వాసికి బొమ్మలతో ఏం పని? ఆ సమయం, ఆ డబ్బు దేవుని పనికి పెట్టరాదా?” అన్నారు. ఇంకొందరు నిర్గమకాండము 20వ అధ్యాయం 4వ వచనం తీసి చూపించారు. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము: వాటిని పిల్లలకు చూపించాలి. ఎందుకో దయచేసి ఓపికగా చదవండి.

మొదట ఆ పని ఏమిటో తెలుసుకుందాం. జాతరలో కొనే ప్లాస్టిక్ రైలు వేరు, ఇది వేరు. ఇందులో ప్రాణమంతా కొలతలోనే ఉంది. ప్రపంచంలో చాలామంది వాడే కొలతను హెచ్‌ఓ అంటారు. అంటే అసలు బండిలో 87వ వంతు. 21.3 మీటర్ల పొడవుండే మన రైలు పెట్టె ఈ లెక్కన 24.5 సెంటీమీటర్లు అవుతుంది. ఇంజనులో చిన్న మోటారు ఉంటుంది. పట్టాల గుండా 12 వోల్టుల వరకు కరెంటు ఇచ్చి దాన్ని నడుపుతారు.

మన దేశం వాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. హెచ్‌ఓలో మామూలుగా అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికా రైళ్లు నడిచే 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు తగిన లెక్క. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. దాని 87వ వంతు 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి కొన్న పట్టాల మీద మన బ్రాడ్ గేజ్ ఇంజను పెడితే చక్రాలు దాదాపు 3 మిల్లీమీటర్లు లోపలికి రావాలి. కొందరు దానికి సర్దుకుంటారు, కొందరు పట్టాలు సొంతంగా వేసుకుంటారు. మీటర్ గేజ్‌కు ఆ బాధ తక్కువ. దాని లెక్క 11.5 మిల్లీమీటర్లు, దొరికే పట్టా 12.

మన పెద్దాయన చేసేది మీటర్ గేజ్ బండ్లే. బాయిలరుకు పీవీసీ పైపు ముక్క, పెట్టెలకు అట్ట, ప్లాస్టిక్ షీటు. వైపీ అనే ప్యాసింజర్ ఇంజనుకు నడిపే పెద్ద చక్రాలు ఆరు, వైజీ అనే గూడ్స్ ఇంజనుకు ఎనిమిది. ఒక్క చక్రం పక్కకు పోయినా ఆయన విప్పి మళ్లీ చేస్తారు. ఎవరూ తనిఖీ చేయని చోట కూడా కొలత తప్పకుండా పనిచేసే మనిషిని చూస్తే మాకు లేవీయకాండము 19వ అధ్యాయం 36వ వచనం గుర్తుకొస్తుంది. కాటా దగ్గర చెరకు తూకం కోసం బతుకంతా కొట్లాడిన ప్రాంతం మనది. న్యాయమైన కొలత విలువ మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇక 20వ అధ్యాయం మాట. 4వ వచనం దగ్గర ఆగిపోకుండా 5వ వచనం కూడా చదవండి. సాగిలపడడం, పూజించడం గురించి దేవుడు అక్కడ హెచ్చరిస్తున్నాడు. అదే నిర్గమకాండము 28వ అధ్యాయంలో యాజకుని అంగీ అంచుకు దానిమ్మపండ్ల ఆకారాలు పెట్టమన్నది ఆ దేవుడే. 31వ అధ్యాయంలో బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, చేతిపని నైపుణ్యం ఇచ్చింది కూడా ఆయనే. చేతిలోని నేర్పు దేవుని వరమైనప్పుడు, రిటైరైన రోజుతో ఆ వరం కూడా రిటైర్ కావాలా?

మా ముఖ్యమైన కారణం వేరే ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో మన పొలాలకు చెరకు వచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పునాది పడింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు మార్గం వచ్చింది. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే పెద్ద లైను కూడా ఆ రోజుల్లో మీటర్ గేజే. 2000 దాటిన తర్వాత ఆ సన్న పట్టాలు పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఈరోజు సండే స్కూల్లో కూర్చునే పిల్లలు ఆ చిమ్నీ పొగ చూడలేదు, ఆ సైరన్ వినలేదు. తాత ఏ పని చేశాడో అడిగితే “ఫ్యాక్టరీల చేసిండట” అంటారు. ఆ మాట దాటి వాళ్లకు ఇంకేమీ తెలియదు.

యెహోషువ 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను నడుమ నుంచి 12 రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే పెద్దలు జరిగిన సంగతి చెప్పాలి, అందుకే ఆ రాళ్లు. అడగడానికి పిల్లల ముందు ఏదో ఒకటి ఉండాలి కదా! జానెడు ఇంజను బల్ల మీద కదిలితే, “తాతా, ఇందులో బొగ్గు ఎవరు వేసేవాళ్లు?” అని వాళ్లే అడుగుతారు. అప్పుడు నోరు విప్పే పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. ప్రతి ఏడూ ఒకరిద్దరు తగ్గిపోతున్నారు.

ఇది మన ఒక్క ఊరి పిచ్చి అనుకోకండి. పుణెలో భావూ జోషి గారు జీవితకాలం చేసిన చిన్న రైళ్లతో 1998లో మ్యూజియమే తెరిచారు. ఇంగ్లండులో ఆడ్రీ అనే ఆంగ్లికన్ పాదిరిగారు తట్టు సోకి మంచాన పడ్డ కొడుక్కు రైలు కథలు చెప్పి, యుద్ధం రోజుల్లో చెక్కతో ఇంజను బొమ్మలు చేసి ఇచ్చారు. ఆ కథల మొదటి పుస్తకం 1945లో వచ్చింది. మీ పిల్లలు ఫోనులో చూసే థామస్ ఇంజను అక్కడి నుంచి వచ్చిందే.

అయితే ప్రియులారా, రెండో వైపు కూడా చెప్పకపోతే మేము కాపరులం కాము. చేయడం వేరు, పోగేయడం వేరు. ఖరీదైన విదేశీ ఇంజన్లు కొని, విప్పితే ధర తగ్గుతుందని డబ్బా కూడా తెరవకుండా బీరువాలో దాచేవాళ్లు లోకంలో ఉన్నారు. లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుడు కొట్లు విప్పి పెద్దవి కట్టించుకోవాలనుకున్నది కూడా అలాగే. మోషే దేవుని మాట చొప్పున చేసిన ఇత్తడి సర్పానికే ప్రజలు తర్వాత ధూపం వేశారు. రాజైన హిజ్కియా దాన్ని పగలగొట్టవలసి వచ్చింది, 2 రాజులు 18వ అధ్యాయం చూడండి. మంచి జ్ఞాపకం కూడా గుండెలో సింహాసనం ఎక్కితే విగ్రహమే. అప్పు చేసి కొంటే, ఇంటిదాని మందులు ఆగితే, ఆదివారం ఆరాధన తప్పితే, ముట్టుకున్న మనవడిని కసిరితే ఆ పని ఆపవలసిందే. ఈ కొలత రైలు బొమ్మలకే కాదు, మన ఫోన్లకు, బండ్లకు, పెళ్లి బరాత్‌లకు కూడా పెట్టుకుందాం. అట్టముక్కల ఖర్చు లెక్క అడిగేవాళ్లు డీజే ఖర్చు లెక్క కూడా చెప్పాలి.

కాబట్టి మా మనవి ఇది. వి.బి.ఎస్. రోజుల్లో ఆ బండ్లను మందిరం వరండాలో బల్ల మీద పెడదాం. పక్కన కుర్చీలు వేసి ఫ్యాక్టరీలో, రైల్వేలో, చెరకు తోటల్లో పనిచేసిన పెద్దలను కూర్చోబెడదాం. పిల్లలను ముట్టుకోనిద్దాం, అడగనిద్దాం. వాళ్ల తాతల చెమటతో దేవుడు ఈ ఊరిని ఎలా పోషించాడో ఆ నోళ్లతోనే విననిద్దాం. అభ్యంతరం ఇంకా ఉన్నవాళ్లు మనసులో పెట్టుకోకుండా వచ్చి మాతో మాట్లాడండి.

మన చేతిపనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.