సూది చేసిన గాయం

మా బంధువులలో ఒక అమ్మాయికి నిరుడు పెళ్లి కుదిరినది. గడ్డం మీద గరుకుగా మొలిచే రోమాలు ఆ పిల్లను చాలాకాలంగా బాధిస్తూ ఉండేవి. ముహూర్తానికి రెండు నెలలు గడువు ఉన్నదనగా, ఎవరితోనూ చెప్పకుండా బజారులోని ఒక సౌందర్యశాలకు వెళ్లి, కరెంటు సూదితో వాటిని తీయించుకొన్నది. నాలుగు దఫాలలో శాశ్వతంగా పోతాయని అక్కడివారు హామీ ఇచ్చినారట. రోమాలు కొన్ని పోయినవి, కొన్ని మళ్లీ మొలిచినవి. కాని సూది దిగిన చోటులలో మసిచుక్కల వంటి మచ్చలు, అక్కడక్కడ ఆవగింజంత గుంటలు నిలిచిపోయినవి. పెళ్లి ఫోటోలలో ఆ అమ్మాయి ముఖం ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి ఉన్నది.

ఈ సంగతి తెలిసిన పెద్దలు, "పసుపు రాచుకొంటే పోయేదానికి సూదులతో పొడిపించుకోవటం దేనికి?" అన్నారు. ఈ మాటతోనే నాకు పేచీ. గరుకెక్కిన రోమం పసుపుకు లొంగదు. దాని వెనుక అండాశయాల వికారమో, హార్మోనుల తారుమారో ఉండవచ్చును. కనుక ముందుగా వైద్యుని చూడటం మంచిది. ఆ తరువాత రోమాలను తీయించుకోవాలని స్త్రీ కోరుకొంటే అది విలాసమని వెక్కిరించే హక్కు, ప్రతి ఉదయం గడ్డం గీసుకొనే మగవారికి అసలే లేదు.

నిజానికి ఈ విద్య సౌందర్యశాలలో పుట్టినది కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో చార్లెస్ మిషెల్ అనే నేత్రవైద్యుడు, కనురెప్పల వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిగుడ్డును ఒరిసే రోగులకోసం దీనిని ప్రయోగించి, 1875లో ప్రకటించినాడు. అనగా కంటికి ఒక వెంట్రుకవాసి దూరంలో నమ్మి ప్రయోగించిన పద్ధతి ఇది. దోషం సూదిది కాదు, పట్టిన చేతిది.

ఆ చేయి ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే, సూది చేసే పని తెలియాలి. మన ఒంటిలో ఉన్నది ఉప్పునీరే గదా! రోమకూపంలోకి సన్నని సూదిని దించి స్వల్పంగా విద్యుత్తు పంపితే, ఆ ఉప్పునీరు విశ్లేషణ చెంది, సూది చుట్టూ దాహక క్షారం, మనం కాస్టిక్ సోడా అనేది, పుట్టుతుంది. అది వెంట్రుక వేరును దహిస్తుంది. 1920ల నాటినుంచి వచ్చిన మరొక పద్ధతిలో ఈ పనిని వేడి చేస్తుంది. ఏ పద్ధతి అయినా కాలవలసినది వేరు, పైచర్మం కాదు. వేరు కొద్ది మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. సూది అక్కడికి దిగక పైననే ఆగిపోతే, వేరుకు తగలవలసిన నిప్పు చర్మానికి తగులుతుంది. పక్కపక్కనున్న రోమాలను ఒకే దఫాలో తీస్తే, వేడి అంతా ఒక్కచోట కూడుకొంటుంది. మొదటి పద్ధతిలో తీగలు తారుమారై ఉక్కు సూది ధన ధ్రువానికి చేరినదా, అందులోని ఇనుము కరగి, పచ్చబొట్టువలె చర్మంలో నల్లగా నిలిచిపోగలదు.

పని సరిగా జరిగితే, సూది దిగుతున్నట్లే దాదాపు తెలియదు. చచ్చిన రోమం పట్టకారుతో ఎత్తగానే జారి వస్తుంది. పీకినట్లు లాగినదంటే వేరు బ్రతికే ఉన్నదన్నమాట. కొంత ఎరుపు, కొంత వాపు సహజమే. బొబ్బలు లేవటం, చీము పట్టటం సహజం కాదు. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడటం మాట నేను చెప్పనే అక్కరలేదు.

అన్నిటికంటె చెరుపు చేసేది తొందర. రోమాలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతూ ఉంటే కొన్ని విశ్రమిస్తూ ఉంటవి. అందువల్ల ఒక సంవత్సరమో, అంతకు మించియో, ఓపికతో సాగవలసిన పని ఇది. నాలుగు దఫాలని మాట ఇచ్చినవారు, ఆ మాట నిలుపుకోవటానికి విద్యుత్తును పెంచుతారు. పైగా మనది చామనఛాయ. చిన్న గాయం మానినా, మన చర్మం అక్కడ అధికంగా నలుపు వేస్తుంది. అది తగ్గటానికి నెలలు పట్టుతుంది. కొందరికి గాయం గట్టిపడి కెలాయిడ్‌గా పెరుగుతుంది. కనుక ముందు ఒక మూల రెండు మూడు రోమాలు తీసి, కొన్ని వారాలు ఆగి చూడటమే బుద్ధిమంతుల పద్ధతి. ఏ సౌందర్యశాల ఆగుతుంది?

కాలిఫోర్నియా, మసాచుసెట్స్ వంటి అమెరికా రాష్ట్రాలలో ఈ పనికి శిక్షణ, పరీక్ష, లైసెన్సు కావాలి. ఇక్కడ గోడమీద వ్రేలాడే సర్టిఫికెట్టు ఎన్నిరోజుల శిక్షణకు ఇచ్చినదో అడిగేవారు అరుదు. అయినా దారి బొత్తిగా లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం క్రింద, డబ్బు పుచ్చుకొని చేసిన సేవలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చును. ఆ మాటే మా అమ్మాయితో చెప్పి, చెల్లించిన సొమ్ముకు రసీదు ఉన్నదా అని అడిగినాను.

"రసీదా, బాబాయ్? వెనుక గుమ్మంనుంచి లోపలికి వెళ్లి, ముఖానికి చున్నీ కప్పుకొని బయటికి వచ్చినదాన్ని. రసీదు అడగటానికి నాకు నోరెలా వస్తుంది?" అన్నది.