ఆ పావుగంటలో ఏమి చూడాలి?

కర్నూలు నుండి ఒక తండ్రిగారు ఈ శీర్షికకు రాసిన ఉత్తరం ఈ నెల నా ముందుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న వారి పెద్దబ్బాయి, వాడిన ఖరీదైన కార్లు అమ్మే ఒక షోరూములో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చూశాడు. పావుగంట నడిపాడు. ఇంటికి ఫోన్ చేసి, "అబ్బా, బండి అద్భుతంగా ఉంది. ఎల్లుండిలోగా టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్ళు తీసుకుపోతారట" అన్నాడు. ధర ముప్పై లక్షల పైచిలుకు. అందులో సగం, ఇంటికి పై అంతస్తు వేయాలని తండ్రీకొడుకులు ఆరేళ్ళుగా కలిసి దాచిన సొమ్ము. మిగతా సగం అప్పు. వడ్డీ లేని అప్పు ఎక్కడ దొరుకుతుందో ఉత్తరంలో రాయలేదు. తండ్రిగారి ప్రశ్న ఒక్కటే: "పావుగంట నడిపితే బండి సంగతి తెలుస్తుందా?"

స్పోర్ట్స్ కారు కొనడం దుబారా అవుతుందా కాదా అని ఆయన అడగలేదు కనుక ఆ చర్చలోకి నేను పోదలచుకోలేదు. హలాల్ సంపాదనతో మంచి వాహనం కోరుకోవడం తప్పేమీ కాదు. మేడ ఆపి కారు కొనాలా, కారు ఆపి మేడ కట్టాలా అన్నది ఆ ఇంటివారు కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. అడిగిన దానికి మాత్రం నా సమాధానం ఇది: పావుగంటలో, కాస్త పట్టుబట్టి అరగంట అడిగితే ఇంకా బాగా, బండి సంగతి చాలావరకు తెలుస్తుంది. అయితే ఆ అబ్బాయి తనకు దొరికిన పావుగంటను వేగం చూడటానికి ఖర్చుపెట్టాడు. ఆ కారు విషయంలో పరీక్షించి తెలుసుకోనక్కరలేనిది ఏదైనా ఉందంటే అదొక్కటే.

బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, పోర్షే బాక్‌స్టర్ వంటి కార్లు వేగంగా పోతాయా అన్న అనుమానం ఎవరికీ లేదు. ఇవన్నీ మన దేశంలో ఒకప్పుడు కొత్తగా అమ్ముడై, ఇప్పుడు రెండో చేతికీ మూడో చేతికీ వస్తున్నవి. కాలు నొక్కగానే దూసుకుపోవడం వాటి పుట్టుగుణం. దాన్ని పరీక్షించే చోటు మనకు లేదు కూడా. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద సైతం అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే. ఊరి మధ్య ఫ్లైఓవర్ మీద రెండు క్షణాలు తొక్కి వదిలితే ఒళ్ళు పులకరిస్తుంది గాని, బండి ఆరోగ్యం గురించి ఒక్క ముక్క తెలియదు. షోరూముల వారికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

నిరుడు మా చెల్లెలి కొడుకు ఇలాంటి కారే కొనాలనుకుని నన్ను తోడు తీసుకువెళ్ళాడు. మొదటి షోరూముకు మేము చేరేసరికే కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. ఇంజన్ తిరుగుతోంది, ఏసీ చల్లగా ఉంది, పాటలు మోగుతున్నాయి. పొగగొట్టం గర్జనను పెంచే 'స్పోర్ట్' మీట ముందే నొక్కి ఉంచారు. రెండు సీట్ల బండి కనుక నేను టీ తాగుతూ షోరూములోనే ఉండిపోయాను. పక్కన కూర్చున్న సేల్స్ కుర్రవాడు "ఎడమకు తిప్పండి సార్, ఇప్పుడు కుడికి" అంటూ నున్నటి ఖాళీ రోడ్డు ఎక్కించి, "ఒకసారి తొక్కి చూడండి సార్" అన్నాడట. పన్నెండు నిమిషాల్లో తిరిగివచ్చిన మా వాడి ముఖం వెలిగిపోతోంది. "మామూ, ఏం బండి!" అన్నాడు. గేరు మారేటప్పుడు కుదుపు ఉందా, బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగిందా, గోతిలో పడినప్పుడు కింద నుండి చప్పుడు వచ్చిందా అని అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. అంత పాటల మోతలో ఏ చప్పుడు వినబడుతుంది!

బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద మహాప్రవక్త (స) ఆగి, పైపైన చూసి వెళ్ళిపోక, రాశిలోకి చేయి పెట్టి చూసిన సంఘటన మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. లోపలి ధాన్యం తడిసి ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. దీన్ని మనం సాధారణంగా అమ్మేవారికి హెచ్చరికగా చెప్పుకుంటాము. అది నిజమే గాని, చేయి లోపలికి పెట్టి చూడటం కూడా ఆ సంఘటనలో భాగమే కదా. చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనే హక్కును 'ఖియారుర్రుయత్' అనీ, దాగి ఉన్న లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కును 'ఖియారుల్ ఐబ్' అనీ మన ధర్మశాస్త్రవేత్తలు, ముఖ్యంగా హనఫీలు, ఎంతో విపులంగా చర్చించారు. కారు విషయంలో చూడటమంటే నడిపి చూడటమే.

మరి కారులో ఆ రాశి అడుగు ఎక్కడ ఉంటుంది? నా దృష్టిలో మొదటిది చల్లటి ఇంజన్. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వినిపించే టకటక, పొగగొట్టం నుండి వచ్చే నీలిపొగ, ఇంజన్ నిలకడ లేకుండా తిరగడం, ఇవన్నీ కాస్త వేడెక్కాక చాలాసార్లు సద్దుమణిగిపోతాయి. నీలిపొగ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. ఎంతసేపటికీ తగ్గని తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ ఇంజన్ లోపలికి కారుతోందని అనుమానించాలి. అందుకే స్టార్ట్ చేయకముందు బానెట్ మీద అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందు ఎవరో దాన్ని నడిపించి ఉంచారన్నమాట. ఎండలో నిలబెట్టిన కారు బానెట్ ఎలాగూ కాలుతుంది కనుక పొద్దునే వెళ్ళాలి. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని చెప్పాలి. పాటలు ఆపేయమనాలి. అద్దాలు ఒకసారి దించి, ఒకసారి ఎక్కించి నడపాలి.

రెండోది గేరుబాక్సు. ఈ తరహా కార్లలో చాలావాటికి రెండు క్లచ్‌లు ఉంటాయి. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు మరొకటి. కాలి కింద క్లచ్ పెడలు ఉండదు, పని అంతా యంత్రమే చూసుకుంటుంది. వేగంగా పోతున్నప్పుడు గేర్లు మారినట్టే తెలియదు. క్లచ్ అరిగిన సంగతి బయటపడేది నత్తనడకలోనే. మెహదీపట్నం రద్దీలో పది అడుగులు కదిలి ఆగి, మళ్ళీ పది అడుగులు కదిలేటప్పుడు వణుకు వస్తోందా? ఏటవాలు మీద రివర్సు వేస్తే తడబడుతోందా? సేల్స్ కుర్రవాడు ఖాళీ రోడ్డు చూపిస్తాడు. మనం రద్దీ రోడ్డు అడగాలి. వీలైతే ఆ అబ్బాయి రోజూ ఆఫీసుకు పోయే దారినే అడగాలి. ఈ గేరుబాక్సు పాడైతే మరమ్మతు లక్షల్లో తేలుతుంది. కారు నచ్చి కొన్నవారు ఏడాదిలోపే అమ్మకానికి పెట్టడానికి నేను విన్న కారణాలలో ఇది తరచుగా వినబడుతుంది. పెట్రోలు మూత తెరిచి లోపల అంటించిన చీటీ కూడా చదవండి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కావాలని రాసి ఉంటే, మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు సరిపోకపోవచ్చు. నెల ఖర్చు ఆ లెక్కన వేసుకోవాలి.

ఇక మన రోడ్ల సంగతి. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా మెల్లగా లేవాలి. మన గల్లీలలో ఇంటివారే సిమెంటుతో పోసుకున్న మిట్టలకు ఈ లెక్కలేవీ తెలియవు. నేలకు జానెడు ఎత్తు కూడా లేని కారు వాటి మీద కడుపు గీసుకుంటుంది. ఆ అబ్బాయి తాను అద్దెకుండే వీధి మిట్టను ఆ కారుతో దాటి చూశాడా? గీసుకున్న చప్పుడు పరీక్షలో వినడం మంచిదా, కొన్న మరునాడు వినడం మంచిదా? పైగా వీటిలో చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడుస్తాయన్న ధైర్యంతో స్పేర్ టైరు ఇవ్వరు. హైదరాబాదు నుండి కర్నూలుకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే అది 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగిన బండి టైర్లు నిగనిగలాడుతున్నా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. మడతపడే పైకప్పు ఉంటే రెండుసార్లు తెరిచి మూయించండి.

ఇంటివారిని వెంట తీసుకుపోకపోవడం మన అబ్బాయిల అలవాటు. రెండో షోరూముకు మా చెల్లెల్ని బలవంతంగా తీసుకువెళ్ళాను. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆ పల్లపు సీటులో కూర్చోవడం సులువుగానే జరిగిపోయింది. లేచి బయటికి రావడానికి మాత్రం మేమిద్దరం చెరో చేయి అందించవలసి వచ్చింది. "బేటా, నన్ను ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే ఆటో పిలువు" అంది. కొడుకు నవ్వాడు గాని, ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. పసిబిడ్డ ఉన్న ఇంట ఇంకొక సంగతి ఉంది. వెనక్కి తిప్పి బిగించే పిల్లల సీటును, పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఎదుట పెట్టడం ప్రాణాపాయం. రెండు సీట్ల కారులో వెనుక సీటే ఉండదు. కొన్నింటిలో ఆ ఎయిర్‌బ్యాగ్‌ను తాళంతో ఆపే ఏర్పాటు ఉంటుంది; ఉందో లేదో నడిపేటప్పుడే చూసుకోవాలి. పదిహేడేళ్ళ తమ్ముడున్న ఇంట తాళం ఎక్కడ పెడతారో కూడా ఆలోచించుకోవాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికీ వాహన యజమానికీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఆ రెండో షోరూము యజమాని వయసు మళ్ళినవాడు. మేము కోరినట్టే బండిని చల్లగా ఉంచాడు. పైకప్పు మోటారు ఒకసారి మార్చామని, ముందు బంపరుకు రంగు వేయించామని మేము అడగకముందే చెప్పాడు. లైసెన్సు చూసి, ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, నలభై నిమిషాలు ఇచ్చాడు. ఆ కాగితాన్ని కూడా చదివే సంతకం చేయాలి. నడిపేటప్పుడు దెబ్బ తగిలితే బీమా ఎంత భరిస్తుంది, మనం ఎంత కట్టాలి అన్నది అందులోనే ఉంటుంది. మన చేతిలో ఉన్నంతసేపూ ఆ బండి అమానత్. ఆయన ఇంకొక మాట చెప్పాడు: ఆదివారం వచ్చేవారిలో సగం మందికి కొనే ఉద్దేశమే ఉండదట, స్నేహితుడి చేతికి ఫోన్ ఇచ్చి వీడియో తీయించుకుని పోతారట. కొనే యోచన లేకుండా ఇంకొకరి పెట్రోలు, టైరు, సమయం వాడుకోవడాన్ని సరదా అనడం నాకు చేతకాదు. షోరూములు కుర్రవాళ్ళకు తాళాలు ఇవ్వడానికి వెనుకాడుతున్నాయంటే తప్పంతా వారిదే అనలేము.

చివరగా టోకెన్. నడిపి దిగిన నిమిషాన, చేతులింకా వణుకుతుండగా, "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది సార్" అన్న మాట వినబడుతుంది. ఆ పార్టీ నిజంగానే ఉండవచ్చు. అయినా ఆ గంటలో డబ్బు ఇవ్వవద్దు. బేరం తప్పితే బయానా సొమ్ము అమ్మేవారే ఉంచుకోవడం హంబలీ పండితుల దృష్టిలో చెల్లుతుంది. మిగతా మూడు మజ్హబుల పండితులలో అధికులు దాన్ని అంగీకరించలేదు. మన దేశంలో మాత్రం ఆచరణలో రశీదు మీద రాసిన మాటే గట్టిది. అందువల్ల "స్వతంత్ర వర్క్‌షాపు తనిఖీలో లోపం కనబడితే మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వబడును" అన్న ఒక్క వాక్యం రశీదు మీద రాయించుకోవాలి. బండి మీద పాత అప్పు మిగిలి ఉందేమో వాహన్ పోర్టల్‌లో అదే రోజు చూసుకోవాలి.

మా వాడి రశీదు మీద ఆ వాక్యం ఉంది. వర్క్‌షాపువారు బండిని పైకెత్తి చూసినప్పుడు నీటి పంపు వద్ద కూలెంట్ చెమర్చడం కనబడింది. అది ఆ పెద్దాయనకూ తెలియదు. మరమ్మతు ఎవరు భరించాలన్న దగ్గర బేరం తెగలేదు. మూడో రోజున యాభై వేలూ బ్యాంకు ఖాతాలోకి తిరిగి వచ్చాయి. కొత్తగా ఏ బండి వచ్చినా ఆయన ఇప్పటికీ మా వాడికి ఫోన్ చేస్తుంటాడు.